గొబ్నిట్ కత్తెర, అధ్యక్షుడి ముక్కు

ఒక దేశాధ్యక్షుడి ముక్కు మీద కురుపు లేపింది మా ఊరి గొబ్నిట్. ఆయన ఆసియా ఖండం నడిబొడ్డున పాలరాతి మేడలో ఉన్నాడు. ఈవిడ ఐర్లండు పడమటి కొసన, సముద్రపు గాలికి తలుపులు కొట్టుకునే మా దూన్ గీహలో, ఒక చేత దువ్వెనా ఒక చేత కత్తెరా పట్టుకుని ఉంది. మధ్యలో సముద్రాలూ, కొండలూ, ఎడారులూ, ఆయన సైన్యమూ. అయినా కురుపు లేచింది. నేను కళ్లారా చూశాను.

నాకు అక్షరాలు దిద్దించింది కాన్వెంటు సిస్టర్లు. "అబద్ధమాడితే నాలుక మీద నల్లమచ్చ పడుతుంది మురిష్" అంటూ సిస్టర్ అలోషియస్ రోజూ నా నోరు తెరిపించి చూసేది. ఆవిడ పోయి చాలా కాలమైంది. మనవలు పుట్టినా నాకు అద్దం ముందు నాలుక చాపి చూసుకునే అలవాటు పోలేదు. అందుకని సగం వెనక్కి తీసుకుంటున్నాను. నేను చూసింది టీవీలో. కనబడింది కురుపు కాదు, దాని మీద అంటించిన పట్టీ. పట్టీ కింద ఏముందో ప్రమాణం చేసి చెప్పలేను. కానీ అధ్యక్షులు సరదాకి ముక్కుకి పట్టీ వేసుకోరు గదా.

గొబ్నిట్‌కి ఉన్నది ఒకే ఒక్క అలవాటు. దూరదేశపు పాలకుణ్ణి ఒకణ్ణి పద్యాల్లో తిట్టకుండా ఆవిడ ఎవరి జుట్టూ కత్తిరించదు. పని చేసుకుంటూ కొందరు కూనిరాగం తీస్తారు, కొందరు ఈల వేస్తారు. ఈవిడ నియంతల్ని తిడుతుంది. అదీ మా ఐరిష్ భాషలోనే, నడక ఎక్కడా తప్పకుండా.

కవి తిడితే రాజు మొహాన బొబ్బలు లేస్తాయని మా పెద్దల నమ్మకం. మొహం చెడ్డ రాజు గద్దెకి పనికిరాడు, దిగిపోవాలి. ఎన్నికలు లేని రోజుల్లో అదే ఎన్నిక. ఒక్కటే మెలిక: రాజు తప్పు లేకుండా తిడితే ఆ బొబ్బలు వచ్చి కవి మొహానే లేస్తాయి. ఇది మా వైపు అందరూ చిన్నప్పుడు విని, పెద్దయ్యాక మరిచిపోయే సంగతి. గొబ్నిట్ మరిచిపోలేదు. కొట్టులో మూల బల్ల మీద టీవీ ఎప్పుడూ వాగుతూనే ఉంటుంది. ఏ దేశాధినేత కనబడినా ఆవిడ మాటలు వినదు, మొహం చూస్తుంది.

"చూశావా, ఎడమ చెంప మీద ఎరుపు."

"అది పౌడరు గొబ్నిట్. టీవీ వాళ్లు పూస్తారు."

"పౌడరు ఎందుకు పూస్తారు మురిష్? కింద ఏమీ లేకపోతే?"



ఈ అలవాటు వల్ల ప్రపంచానికి ఏం జరిగిందో నాకు తెలియదు. మా తలలకి ఏం జరిగిందో మాత్రం తెలుసు. ఆవిడకి తిట్టు పెరిగిన కొద్దీ చెయ్యి వేగం పెరుగుతుంది, చెయ్యి వేగం పెరిగిన కొద్దీ మన జుట్టు తరుగుతుంది. లోకం ప్రశాంతంగా ఉంటే చెవుల మీదికి నాలుగు వెంట్రుకలు దక్కేవి. ఎక్కడైనా పత్రికాఫీసుకి తాళం వేశారంటే మెడ కనిపించేది. ఎక్కడో సైన్యం వీధుల్లోకి వచ్చిందంటే ఆ ఆదివారం చర్చిలో మగవాళ్లందరం ఉన్ని తీసిన గొర్రెల్లా వరసగా కూర్చునేవాళ్లం. ప్రపంచ వార్తలు తెలుసుకోవడానికి పత్రికలెందుకు, వెనక బెంచీలో కూర్చుని ముందున్న తలకాయలు చదివితే చాలని ఫాదర్ ఫింటన్ గారు అనేవారు. మా మేనల్లుడి పెళ్లి సరిగ్గా ఒక దేశంలో తిరుగుబాటు జరిగిన మర్నాడు పడింది. ఆ పెళ్లి ఫోటోల్లో వాణ్ణి చూసిన ప్రతివాళ్లూ, పెళ్లికొడుకు జైల్లోంచి వచ్చాడా, జైలుకి పోతున్నాడా అని అడుగుతారు.

అయినా పొరుగూరి కొట్టుకి ఒక్కరమూ వెళ్లలేదు. ఎందుకంటే ఆ తిట్టు వినాలి. గొబ్నిట్ గొంతెత్తితే కిటికీ అద్దాలకి పట్టిన సముద్రపు ఉప్పు జలజలా రాలేది. రేవులో సీల్ చేపలు నీళ్లలోంచి తలలెత్తి మా వీధికేసి చూసేవి. ఈ రెండో మాటలోనూ సగం వెనక్కి తీసుకుంటాను, చూసింది ఒక్కటే చేప. మనిషి చూస్తే ఐదడుగులు లేదు, పూల గౌను, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. ఆ శరీరంలోంచి ఆ పద్యం ఎలా వచ్చేదో నాకిప్పటికీ ఆశ్చర్యమే. వింటూంటే వీపు మీద చలిచీమలు పాకేవి.

మా వైపు ఒక మర్యాద ఉంది. ఎవరైనా పాడుతున్నా, పద్యం చెబుతున్నా పక్కవాడు ఊరికే కూర్చోడు. ఆ మనిషి చెయ్యి పట్టుకుని బావి గిలక తిప్పినట్టు మెల్లిగా గుండ్రంగా తిప్పుతాడు, లోపల లోతున ఉన్నదాన్ని తోడి పైకి తెస్తున్నట్టు. మిగిలినవాళ్లు "భేష్" అనీ, "నీ నోరు చల్లగుండ" అనీ అంటూ ఉంటారు. గొబ్నిట్ చేతులు రెండూ పనిలో ఉంటాయి. అందుకని ఆ మర్యాద కుర్చీలో కూర్చున్నవాడికి జరిగేది. వరసలో తరవాత ఉన్నవాడు వాడి చెయ్యి పుచ్చుకుని తిప్పేవాడు. పైన కత్తెర, పక్కన గిలక, చెవిలో పద్యం. బయటికొచ్చాక కాసేపు గోడ పట్టుకుని నడవాల్సి వచ్చేది.

ఫాదర్ గారు ఒకసారి మెల్లిగా అడిగారు.

"గొబ్నిటమ్మా, ఆ పాలకులెవరికీ మన భాష రాదు గదా. ఇంగ్లీషులో తిడితే కాస్త ఉపయోగమేమో?"

"మీ చర్చిలో పూజంతా లాటిన్‌లో జరిగినన్నాళ్లు మాకేం అర్థమైంది ఫాదర్ గారూ? పని జరగలేదా?"

ఫాదర్ గారు తల వంచారు. వంచకపోతే చెవి పోయేది.

"పైగా," అంది గొబ్నిట్, "మన తాతలు బడిలో ఈ భాష మాట్లాడితే దెబ్బలు తిన్నారు. దెబ్బ తిన్న భాష ఫాదర్ గారూ ఇది. ఎవరికి దెబ్బ తగిలినా దీనికి తెలుస్తుంది. తల ఎత్తండి."

మరి దగ్గరివాళ్లని ఎందుకు తిట్టవని నేనడిగాను. మా పంచాయతీ సభ్యుడొకడున్నాడు, ఆ మొహం మీద బొబ్బలకి బోలెడంత చోటుంది.

"ఊరు చిన్నది మురిష్. మనవాణ్ణి తిడితే ఆ పద్యం వాడి మునిమనవడి దాకా అంటుకునుంటుంది. అధ్యక్షులకైతే మేడలున్నాయి, తట్టుకుంటారు."

ఆవిడ తిట్టులో న్యాయం తప్పేది కాదు. తప్పింది ఒక్కసారే. టీవీలో నల్లకళ్లద్దాలు, ఛాతీ నిండా పతకాలు, భుజాల మీద బంగారు కుచ్చులు పెట్టుకున్న ఒక లావుపాటాయన కనబడ్డాడు. గొబ్నిట్ ఆయన పేరు తెలిసేదాకా కూడా ఆగలేదు. ఆ పూట నలుగురు మనుషులు గుండ్లతో బయటపడ్డారు. తీరా ఆయన ఎవరంటే, ఏదో ద్వీపంలో అగ్నిమాపక దళం బ్యాండు మేళానికి నాయకుడు. అనాథ పిల్లల కోసం కచేరీలు చేస్తాడట. మర్నాడు పొద్దునకి గొబ్నిట్ కన్నురెప్ప మీద కందిగింజంత కురుపు. ఊరంతా వచ్చి చూసి తలలూపి వెళ్లింది. ఆవిడ మూడు రోజులు ఆ బ్యాండు నాయకుణ్ణి పొగుడుతూ పద్యాలు కట్టింది. పొగిడేటప్పుడు ఆవిడకి కత్తెర ఆడదు. ఆ మూడు రోజులూ కుర్చీ ఎక్కినవాళ్లు ఎలా వెళ్లారో అలాగే వచ్చారు, మా ఆవిడ నన్ను రెండోసారి పంపింది. కన్ను నయమయ్యాక అంతా మామూలే.

ఇంకో విచిత్రం చెప్పాలి. ఇంతమంది తలలు గొరిగినా, ఊళ్లో ఒక్క మనిషి జుట్టు మాత్రం ఎన్నడూ వేలెడు ఎక్కువ తెగలేదు. ఆవిడ సైవ్. మా అందరికన్నా పెద్దది, ఒంటరిది, నెమ్మదైన మనిషి, ఎప్పుడూ తలకి రుమాలు. ఏ దేశంలో ఏ ఘోరం జరిగినా సైవ్ జుట్టు భుజాల మీద నున్నగా, సమంగా వచ్చేది. పైగా సైవ్ కుర్చీలో ఉన్నప్పుడే గొబ్నిట్ గొంతు అన్నిటికన్నా గట్టిగా లేచేది. ఇది మాకు అంతుబట్టలేదు. సైవ్ దగ్గర ఏదో మంత్రముందని కొందరూ, గొబ్నిట్‌కి ఆవిడంటే భయమని కొందరూ అనుకున్నారు. రెండోది నేనే పుట్టించాను.

ఇలా ఉండగా మా ఊరి పాత హోటల్లోకి దౌలెత్ వచ్చాడు.

మూతపడ్డ ఆ హోటల్లో, వాళ్ల దేశాల్లో బతకలేక వచ్చినవాళ్లని ప్రభుత్వం ఉంచింది. దౌలెత్ ముప్పై దాటిన మనిషి, గుర్రపు మనుషుల వంశం, కొంచెం దొడ్డికాళ్లు. ఊరి బాట మీద మా పాత గాడిద కనబడితే ఆగి దాని నుదురు నిమిరి పళ్లు చూసి వెళ్లేవాడు. జుట్టు భుజాలు దాటి పెరిగింది. మాకు ఎదురుపడితే గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగేవాడు. మాట మాత్రం లేదు. కాస్తో కూస్తో ఇంగ్లీషు వచ్చు, నోరే తెరవడు.

కథ ఫాదర్ గారు చెప్పారు, గొబ్నిట్ కుర్చీలో కూర్చుని.

"వాళ్ల అధ్యక్షుడు ఊరి మధ్యలో బంగారు గుర్రం మీద తన బొమ్మ పెట్టించుకున్నాడట. మన దౌలెత్ పాటలు కట్టేవాడు. మా గుర్రాలకి గడ్డి లేదు, నీ గుర్రం ఏం తింటోంది అని ఒక పెళ్లిలో పాడాడు. లోపల వేశారు. జుట్టు గొరిగారు. రోజూ పొద్దున్నే మైకులో ఆ అధ్యక్షుడి పేరు చదివేవారట. పేరు వినబడగానే లేచి నిలబడాలి. లేవనివాడికి ఏమయ్యేదో అతను చెప్పలేదు, నేను అడగలేదు."

కత్తెర ఆగింది. ఆ బ్యాండు మేళం మూడు రోజులు తప్పిస్తే, అది ఆగడం చూడటం నా జన్మలో అదే మొదటిసారి.

"ఇక్కడ ఉండనిమ్మని అర్జీ పెట్టాడు," అన్నారు ఫాదర్ గారు. "రాజధానిలో ఒక అధికారి పిలిచి, ఫలానా అధ్యక్షుడి వల్ల నీకు వచ్చిన ఆపదేమిటో చెప్పు అన్నాడు. పేరు వినబడింది గదా, ఇతను లేచి నిలబడ్డాడు. కూర్చో అన్నాడాయన. కూర్చున్నాడు. మళ్లీ ఆ పేరే అడిగాడు. మళ్లీ లేచాడు. చేతులు పక్కన బిగించి, నోరు మూసుకుని, విగ్రహంలా. ఆ అధికారి మంచివాడే పాపం. ఇతనికి వాళ్ల అధ్యక్షుడంటే అపారమైన గౌరవం, ఇతనికొచ్చిన భయమేమీ లేదు అని రాసుకున్నాడు."

బెంచీ మీద ఎవరో నవ్వబోయి ఆగారు.

"ఇంకొక్క విచారణ ఉంది. అందులోనూ నిలబడితే విమానం ఎక్కించేస్తారు. అక్కడ దిగిన వెంటనే..." ఫాదర్ గారు మెడకి కట్టిన గుడ్డ సవరించుకున్నారు. "జుట్టయినా శుభ్రంగా కత్తిరించి తీసుకురమ్మని లాయరు చెప్పాడు. ఇతను కత్తెర దగ్గరికి రానివ్వడు."

"శనివారం పొద్దున తీసుకురండి," అంది గొబ్నిట్.

ఆ శనివారం వాన. అయినా బెంచీ నిండిపోయింది, గుమ్మంలో కూడా మనుషులున్నారు. అందరూ జుట్టు కత్తిరించుకోవడానికే వచ్చామన్నారు, వారం క్రితమే గుండైనవాళ్లు కూడా. దౌలెత్ వచ్చి, గుండె మీద చెయ్యి పెట్టి, తొక్కితే పైకి లేచే ఆ పాత కుర్చీలో వెనక్కి ఆనకుండా కూర్చున్నాడు. గొబ్నిట్ మెడకి గుడ్డ కట్టింది. కత్తెర ఒక్కసారి చప్పుడైంది, అంతే. మరుక్షణం అతను గుమ్మం దగ్గర ఉన్నాడు, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, గుడ్డ మెడకి వేలాడుతూ.



అప్పుడు బెంచీ చివరినుంచి సైవ్ లేచింది. మా అందరి ముందూ తల మీది రుమాలు తీసి మడిచి జేబులో పెట్టుకుంది. గొబ్నిట్ కుర్చీలో తప్ప ఆవిడ అది తియ్యడం నేనెన్నడూ చూడలేదు. దౌలెత్ దగ్గరికి వెళ్లి, పొడిపొడి ఇంగ్లీషులో, మాకందరికీ వినబడేలాగే చెప్పింది.

"నా జుట్టు కూడా గొరిగారు బాబూ. పద్ధెనిమిదో ఏట, ఊరు చెడ్డదన్న ఆడపిల్లల్ని సిస్టర్లు మూసిపెట్టే ఎత్తుగోడల ఇంట్లో. ఆ కత్తెర చప్పుడు ఏళ్ల తరబడి చెవుల్లో ఉండిపోయింది. ఈవిడ కుర్చీలో మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారి వినబడలేదు. ఈవిడ తిట్టడం మొదలుపెడితే ఇంకేమీ వినబడదు. రా."

అతన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. తను పక్కన పీట మీద కూర్చుని, ఆ చెయ్యి వదలకుండా, మెల్లిగా గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టింది.

"కానీ గొబ్నిట్," అంది. "గట్టిగా."

గొబ్నిట్ గొంతు సవరించుకుంది. రేవులో చేపల సంగతి ఈసారి ప్రమాణం చేసి చెప్పగలను, చెప్పను. ఆవిడ మొదట ఆ అధ్యక్షుణ్ణి పేరు పెట్టి పిలిచింది. బిరుదుల్లేవు, 'గారు' లేదు. కొట్టంలోకి దూరిన పొరుగింటి మేకని పిలిచినట్టు పిలిచింది.

దౌలెత్ లేచి నిలబడ్డాడు.

"కూర్చో నాయనా," అంది గొబ్నిట్ ఇంగ్లీషులో. "ఆయన రాలేదు."

కూర్చున్నాడు. పద్యం సాగింది. మళ్లీ పేరు వచ్చింది. మళ్లీ లేచాడు, దువ్వెన జుట్టులోనే ఉంది.

"కూర్చో నాయనా. వచ్చినా ఇక్కడ ఆయనకి కుర్చీ లేదు. వరసలో ఉండాలి, మురిష్ తరవాత."

"నేను నా వంతు ఇవ్వను," అన్నాను నేను.

మూడోసారి పేరు వచ్చినప్పుడు అతను సగమే లేచాడు. మోకాళ్లు వంచి, పొదిగే కోడి లేవబోయి మనసు మార్చుకున్నట్టు, గాల్లో ఆగిపోయాడు. నుదుటి మీంచి చెమట కారుతోంది. సైవ్ చెయ్యి తిరుగుతూనే ఉంది. కత్తెర ఆడుతోందో లేదో నాకు తెలియదు, ఎవరికీ వినబడలేదు. పద్యమొక్కటే వినబడింది. దాన్ని మా భాషలోంచి బయటికి తెస్తే సగం చచ్చిపోతుంది, బతికిన సగం ఇది:

బంగారు గుర్రమ్మీద కూర్చున్న పెద్దమనిషీ,
నీ గుర్రం గడ్డి తినదు, నువ్వు మాట వినవు.
వానకి తడిసి దాని రంగు కారుతోంది,
నిజానికి తడిస్తే నీదేం కారుతుందో చూసుకో.
గొంతున్న ప్రతివాణ్ణీ చీకట్లో మూశావట,
పుంజును గంప కింద పెట్టి పొద్దును ఆపేవాడా,
తూరుపున పొడవనివ్వకపోతే పోనీ,
సూర్యుడు నీ ముక్కు మీదే పొడుస్తాడు.

చివరి పాదాలు సైవ్ దౌలెత్ చెవిలో ఇంగ్లీషులో చెప్పింది. అప్పుడు గొబ్నిట్ నాలుగోసారి ఆ పేరు పలికింది. ఈసారి మెల్లిగా, దాదాపు జాలిగా.

దౌలెత్ లేవలేదు.

కుర్చీని పట్టుకున్న రెండో చేతి వేళ్లు తెల్లబడ్డాయి. కానీ లేవలేదు. తరవాత అతని గొంతులోంచి చాలాకాలం తెరవని తలుపు కిర్రుమన్నట్టు ఏదో చప్పుడొచ్చింది. ఏడుస్తున్నాడనుకున్నాం. నవ్వుతున్నాడు. తన ముక్కు మీద వేలు పెట్టుకుని, సూర్యోదయం చూపించి, కళ్లనీళ్లు కారేలా నవ్వాడు. నవ్వు ఆగుతుందనుకునేసరికి అది పాటలోకి తిరిగింది.

వాళ్ల భాషలో పాడాడు. ఆ పాటలో మాకొక్క ముక్క అర్థం కాలేదు. అందులో గుర్రాలున్నాయి, అది తెలిసిపోయింది. చెట్టు లేని మైదానముంది, దాని మీద గాలి ఉంది, ఎవరో ఒకరి పేరు ఉంది, అది అధ్యక్షుడిది కాదు. సైవ్ చెయ్యి తిప్పుతూ ఉంటే పాట లోతునుంచి చేదతో వచ్చినట్టు వచ్చింది. మొదట బురద, తరవాత చల్లటి నీళ్లు. పొయ్యి మీద కెటిలు మరిగి మరిగి ఇంకిపోయింది. పాట అయ్యాక చూసుకుంటే బెంచీ మీద ఒక్కరూ లేరు. అందరం లేచి నిలబడి ఉన్నాం. లెమ్మని మాకెవరూ చెప్పలేదు.

గొబ్నిట్ గుడ్డ విప్పి దులిపింది. అప్పుడు చూశాం. మా ఊరు విన్న తిట్లన్నిటిలోకీ పెద్ద తిట్టు అది. ఆ లెక్కన అతని నెత్తిన చర్మం కూడా మిగలకూడదు. కానీ జుట్టు చెవుల వెనక్కి నున్నగా, సమంగా, వేలెడు ఎక్కువ తెగకుండా ఉంది. నేను ఆ తలకేసి చూశాను, సైవ్ తలకేసి చూశాను. నాకు తెలివి ఆలస్యంగా వస్తుంది గానీ వస్తుంది.

అందరూ వెళ్లాక సైవ్‌నే అడిగాను.

"కొట్టు తెరిచిన కొత్తల్లో నేను గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయేదాన్ని," అంది. "ఒకరోజు రేడియోలో ఎవరో సేనాధిపతి గురించి చెబుతున్నారు. గొబ్నిట్ నన్ను చూసింది, రేడియోని చూసింది, వాణ్ణి పట్టుకుని అరవడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆవిడ పద్యం కట్టగా ఎవరూ వినలేదు. ఆ అరుపుల్లో నా జుట్టు ఎప్పుడు తెగిందో నాకే తెలీదు. ఆ తరవాత నాకొక్కదానికే అరిస్తే బావుండదని, అందరికీ అరిచింది."

నేను కొట్టు లోపలికి వెళ్లాను. గొబ్నిట్ నేల ఊడుస్తోంది.

"అంటే కావాలంటే నువ్వు అరుస్తూ కూడా సరిగ్గా కత్తిరించగలవు."

"ఊఁ."

"మరి ఇన్నేళ్లూ మా తలలు గొర్రెల్లా గొరిగావేం?"

"మీ తలలకి అదే నయం," అంది గొబ్నిట్. "కాళ్లు ఎత్తు, కింద జుట్టుంది."

విచారణకి దౌలెత్‌తో పాటు ముగ్గురం వెళ్లాం. సైవ్, గొబ్నిట్, నేను. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. తలుపు బయట చెక్కబెంచీ మీద కూర్చున్నాం. గొబ్నిట్ రబ్బరు బూట్లు వేసుకునే వచ్చింది. తలుపు దళసరిది, మాటలు వినబడలేదు. మేం చెవులొగ్గింది ఒక్కదాని కోసమే, కుర్చీ వెనక్కి జరిగే చప్పుడు కోసం. లేచి నిలబడితే కుర్చీ జరుగుతుంది గదా. అంత శ్రద్ధగా నేను పూజలో గంట కోసం కూడా ఎన్నడూ చెవి ఒగ్గలేదు. సైవ్ గొబ్నిట్ చెయ్యి పట్టుకుని తనకి తెలియకుండానే మెల్లిగా తిప్పుతోంది. గొబ్నిట్ పెదవులు కదులుతున్నాయి. ఆ దారినే పోయే గుమాస్తాలు, ముసలావిడ ప్రార్థన చేసుకుంటోందనుకుని, చప్పుడు చెయ్యకుండా తప్పుకుని వెళ్లారు.

కుర్చీ జరగలేదు. చాలాసేపయ్యాక తలుపు తెరుచుకుని దౌలెత్ బయటికి వచ్చాడు, గొంతు బొంగురుపోయి. అంత మాట్లాడాడు మరి.

"కూర్చునే చెప్పాను," అన్నాడు.

అతన్ని ఉండనిచ్చారు. ఇప్పుడు హోటలు దగ్గర రెండు మట్టిగుర్రాలు పెంచుతున్నాడు, మా గాడిదకి పళ్లవైద్యం చేస్తాడు. మట్టిగుర్రాలంటే మట్టితో చేసినవి కాదు, మట్టి రంగువి. శనివారాలు గొబ్నిట్ కొట్టుకి వస్తాడు. ఆవిడ ఒక పద్యం అంటే అతను ఒకటి అంటాడు, ఆవిడ మా భాషలో, అతను వాళ్ల భాషలో. ఒకరిది ఒకరికి అర్థం కాకుండానే పోటీ జరుగుతుంది, ఇద్దరూ గెలుస్తారు. మా తలల సంగతి అడక్కండి. ఇప్పుడు ఇద్దరు కవుల ఊపుకి ఒకే తల.

వాళ్ల అధ్యక్షుడు టీవీలో కనబడింది ఆ తరవాత వసంతంలో. ఏదో ఆనకట్ట ప్రారంభం. పూలదండలు, బాకాలు, ముక్కు మీద పట్టీ. కొట్టంతా గొబ్నిట్ వైపు తిరిగింది. ఆవిడ టీవీ కట్టేసి, "తరవాతెవరు?" అంది.

ఇదంతా రాశాక, సిస్టర్ అలోషియస్ భయం ఉండనే ఉంది గనక, కాగితాలు పట్టుకెళ్లి గొబ్నిట్ కుర్చీలో కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాను. ఆవిడ కత్తిరిస్తూనే వింది. ఆ రోజు తిట్టు లేదు. అయిపోయాక అద్దంలో నా మొహం చూస్తూ చెప్పింది.

"ఇందులో ఒక్క ముక్క నిజం లేదు. నేనెవర్నీ తిట్టను, నాకు పద్యాలు రావు. సైవ్ తలకి రుమాలు కట్టేది చలికి. ఆయన ముక్కు మీదది దోమకాటు. ఇక ఆ పిల్లాడు భయపడి లేచి నిలబడ్డాడని రాశావే, అది అన్నిటికన్నా పెద్ద అబద్ధం. ఈ కుర్చీలో స్ప్రింగు విరిగి గుచ్చుకునేది, ఎవరైనా లేస్తారు. బాగుచేయించాను, ఇప్పుడు ఎవరూ లేవరు. ఏదీ, నాలుక చాపు."